అనుభవం మాది, డాక్టరేట్ ఎవరిది?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద దొరకని చదువు లేదు. జావా, సాప్, టాలీ, బ్యాంకు పరీక్షలు, స్పోకెన్ ఇంగ్లీషు. వాటి పక్కనే ఇప్పుడు 'ఉద్యోగం మానకుండా డాక్టరేట్' అన్న కాగితాలు కూడా కనిపిస్తున్నాయి. అక్కడి నుంచి పంజాగుట్ట వైపు నడుస్తూ తలెత్తి చూస్తే మేడల నిండా విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులే. ఈ దుకాణాల్లో అమ్మకానికి పెట్టిన చదువుల్లో ప్రజారోగ్యంలో వృత్తి డాక్టరేట్ ఒకటి. డి.ఆర్.పి.హెచ్. అంటారు. స్త్రీల ఆరోగ్యం మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మన సంస్థల్లో దీని ప్రస్తావనే రాదు. మనకి సంబంధించింది కాదని ముందే ఒప్పేసుకున్నాం. ఎవరు చెప్పారు మనకి సంబంధించింది కాదని?

పీహెచ్‌డీకీ దీనికీ తేడా ఏమిటో ముందు చెప్పుకోవాలి. పీహెచ్‌డీ చేసే మనిషి ఇంతవరకు పుస్తకాల్లో లేనిదేదో కనిపెట్టి అందులో చేర్చాలి. వృత్తి డాక్టరేట్ చేసే మనిషి పనిలో ఉన్న చిక్కుని పట్టుకుని, అది ఎందుకు వస్తోందో, ఎలా పోతుందో తేల్చాలి. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఈ చదువు చదివేవాళ్ళు థీసిస్‌తో పాటు ఒక సంస్థ ఎలా పనిచేస్తోందో, అక్కడ విధానాలు ఎలా తయారవుతున్నాయో పరిశీలించి విడిగా రాయాలి. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ దీన్ని ఉద్యోగం చేసుకుంటూ చదువుకునే పద్ధతిలో ఇస్తోంది. హార్వర్డ్ 2014లో కొత్త రూపంలో మొదలుపెట్టింది. ఈ చదువుకి పుస్తక జ్ఞానం ఒక్కటే సరిపోదు, పనిచేసిన అనుభవం కావాలి.

చదవగానే ఇది మనకోసమే పెట్టారనిపిస్తుంది. నేను ఇరవై రెండేళ్ళుగా ఈ నగరపు బస్తీల్లో, చుట్టుపక్కల మండలాల్లో ఆరోగ్యం పని చేస్తున్నాను. బి.ఎస్సి. నర్సింగ్ చదివి, ఉద్యోగం చేస్తూనే ఎం.పి.హెచ్. పూర్తి చేశాను. కాన్పు తర్వాత రక్తహీనతతో కూలబడిపోయే పిల్లల్ని, ముప్ఫై ఏళ్ళకే గర్భసంచి తీయించుకుని నడుము పట్టుకుని తిరిగేవాళ్ళని, భర్త కొట్టిన దెబ్బల్ని 'బాత్‌రూంలో జారిపడ్డాను' అని ఓ.పి. చీటీలో రాయించుకునేవాళ్ళని రోజూ చూస్తాను. ఈ పనిలో చిక్కులెక్కడున్నాయో నాకు తెలుసు. నాకంటే ఎక్కువ తెలిసిన ఏ.ఎన్.ఎం.లు, ఆశాలు నాకు తెలుసు. మరి మా అనుభవం ఆ గడప దగ్గర చెల్లుతుందా?

చెల్లదు. ఒక కన్సల్టెన్సీలో కుర్చీలో కూర్చోబెట్టి, ఏ.సి. వేసి, మంచినీళ్ళిచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "మీ డెజిగ్నేషన్ ఏంటి మేడమ్?" ఫీల్డ్ కోఆర్డినేటర్ అన్నాను. ఆ అబ్బాయికి పాతికేళ్ళుంటాయి, మర్యాదగానే మాట్లాడాడు. "ఫీల్డ్ అంటే లీడర్‌షిప్ కిందికి రాదు మేడమ్. ప్రోగ్రాం మేనేజర్ అని లెటర్ తెచ్చుకోండి, మిగతాది మేం చూసుకుంటాం." బడ్జెట్ మీద సంతకం పెట్టినవాడిది నాయకత్వం. అర్ధరాత్రి ఆటో మాట్లాడి, ఊపిరందని తల్లిని మూడు ఆసుపత్రులు తిప్పి, చివరికి చేర్పించినామెది 'ఫీల్డ్'. ఆ అబ్బాయిని అని లాభం లేదు, అతను దరఖాస్తు ఫారంలో ఉన్నదే చెప్పాడు. 'నాయకత్వ అనుభవం' అన్న గడి ఆ ఫారంలో ఎవరిని తలుచుకుని గీశారన్నదే నా తగాదా. మైదాన ప్రాంతంలో ఐదు వేల మందికి ఒక సబ్ సెంటర్ అని లెక్క. ఆ ఐదు వేల మందిలో ఎవరికి నెల తప్పింది, ఎవరి బిడ్డకి టీకా దాటిపోయింది, ఏ ఇంట్లో క్షయ మందులు మధ్యలో ఆపేశారు అన్నది తలలో పెట్టుకుని తిరిగే మనిషిది నాయకత్వం కాకపోతే ఇంకేది నాయకత్వం?

ఇంకో దుకాణంలో అసలు చిక్కే లేదు. ఏడాదిన్నర చాలు, అంతా ఆన్‌లైన్, థీసిస్‌కి 'సపోర్ట్' కూడా ఉంటుంది, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు. విదేశీ విశ్వవిద్యాలయం పేరు నేనెప్పుడూ వినలేదు. ఇలాంటి కాగితాలకి డబ్బులు పోసే ముందు మన చెల్లెళ్ళు ఒక్క విషయం తెలుసుకోవాలి. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకి గుర్తింపు లేదని యు.జి.సి., ఏ.ఐ.సి.టి.ఇ. కలిసి 2022 అక్టోబరులోనే ప్రకటించాయి. 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనలు కూడా దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ చెల్లదనే చెబుతున్నాయి. అయినా ఆ కాగితాలు గోడల మీద నుంచి దిగలేదు. ఎందుకు దిగుతాయి? పేరు ముందు 'డాక్టర్' లేనిదే ఎవరూ మాట వినని రంగం మనది. ఆ ఆకలి ఉన్నంతకాలం దాన్ని అమ్ముకునేవాడూ ఉంటాడు.

ఆ ఆకలిని తక్కువ చేసి మాట్లాడే మిత్రులున్నారు. "ఉద్యమాల్లో పుట్టిన జ్ఞానానికి డిగ్రీలెందుకు? నీకూ డాక్టర్ అనిపించుకోవాలని మోజు పుట్టిందా?" అని ఒకామె నవ్వుతూనే అంది. ఆమె పేరు ముందు ఆ రెండక్షరాలూ ఇరవై ఏళ్ళుగా ఉన్నాయి, అది వేరే సంగతి. జిల్లా సమీక్షా సమావేశాల్లో నేను కూర్చున్నాను. నిన్నగాక మొన్న ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసిన కుర్రాడు పది నిమిషాలు మాట్లాడితే అందరూ రాసుకుంటారు. పాతికేళ్ళు సబ్ సెంటర్‌లో చేసిన ఏ.ఎన్.ఎం. లేచి నిలబడితే "లెక్కలు చెప్పమ్మా చాలు" అంటారు. లెక్కలు మాత్రమే చెప్పాలట, లెక్కల వెనకున్న కారణాలు చెప్పకూడదట. డిగ్రీ వస్తే ఈ తీరు మారిపోతుందని నేననుకోను. కానీ డిగ్రీ అక్కర్లేదని చెప్పే హక్కు డిగ్రీ ఉన్నవాళ్ళకి ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న ఎవరు అడుగుతారు, ఒళ్ళు ఎవరు అప్పగిస్తారు అన్న పంపకం ఈ నగరంలో కొత్తది కాదు. అమీర్‌పేటకి ఆనుకునే బేగంపేట ఉంది. అక్కడి ఆసుపత్రిలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనానికి ఆయన పేరే పెట్టారు. ఆ దోమల చేత కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారట. ఆ పేరు మీద ఒక వీధి కూడా నాకు కనిపించలేదు. రాస్ కష్టాన్ని కాదనడం లేదు. అణా లెక్క మాత్రం ఇప్పటికీ నడుస్తోందంటున్నాను.

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ ఇవ్వడానికి బస్తీ ఆడవాళ్ళని పిలిచారు. అది ఇంకా ప్రయోగంలో ఉన్న మందని వాళ్ళకి తెలియదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు అక్కడికి వెళ్ళి నిలదీశారు. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి, దాదాపు 14,000 మందికి, హెచ్.పి.వి. టీకా వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో ఉండే ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపించడానికి కూడా స్త్రీల సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలే గొంతెత్తాల్సి వచ్చింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ ప్రాజెక్టు నడిపిన సంస్థని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ పిల్లల్ని అడిగారా లేదా అన్నది నా ప్రశ్న. ఈ రెండు సందర్భాల్లోనూ పరిశోధన పద్ధతిలో తప్పుని బయటపెట్టింది పరిశోధకులు కాదు, ఆడవాళ్ళ మధ్య పనిచేసేవాళ్ళు. ప్రజారోగ్యంలో ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది? ఆ పరీక్ష నెగ్గినవాళ్ళకి ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చింది?

మన భాషలో ఆ పని జరగనే లేదనడానికీ లేదు. స్త్రీశక్తి సంఘటన, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకాన్ని నేను బస్తీ మీటింగుల్లో అట్ట ఊడిపోయేదాకా వాడాను. డాక్టర్లు, డాక్టర్లు కానివాళ్ళు కలిసి కూర్చుని, ఆడవాళ్ళు అడిగే ప్రశ్నల నుంచి మొదలుపెట్టి రాసిన పుస్తకం అది. వృత్తి డాక్టరేట్ థీసిస్ అంటే నా మనసులో ఉన్న నమూనా అదే.

గర్భసంచి ఆపరేషన్ల సంగతే తీసుకుందాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. సర్వే అప్పుడు చెప్పింది. ఊళ్ళలో తిరిగే నర్సమ్మలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే చెబుతున్నారు. తెల్లబట్టకి, నడుంనొప్పికి, 'కాన్సరొస్తుంది' అన్న బెదిరింపుకి సంచీ తీసేస్తున్నారని, ఏ ఊరి నుంచి ఏ నర్సింగ్‌హోంకి ఎవరు తీసుకుపోతున్నారో కూడా చెప్పారు. ఆ మాట ఎవరూ రాసుకోలేదు, ఎందుకంటే అది 'లెక్క' కాదు.

ఇబ్రహీంపట్నం గురించి రాయకుండా ముందుకి పోలేను. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్క రోజున 34 మంది ఆడవాళ్ళకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్ళని తరలించిన ఆసుపత్రుల్లో పంజాగుట్ట నిమ్స్ ఒకటి. విచారణ జరిగింది, ఇన్ఫెక్షన్ అన్నారు, కొందరి మీద చర్యలు తీసుకున్నారు. నాకు తెలిసిన ఆశాలు వేసిన ప్రశ్నలు వేరు. ఒక్క రోజులో ఇంతమందికి చేయాలన్న ఒత్తిడి ఏ మెట్టు నుంచి దిగివచ్చింది? ఇంటికి పంపాక మొదటి రోజు, రెండో రోజు ఎవరు చూడాలి, చూడటానికి వాళ్ళ చేతిలో ఏముంది? జ్వరం అని ఫోన్ వస్తే ఆశా ఎవరికి చెప్పాలి, ఆమె చెబితే ఎవరు వింటారు? ఈ మూడు ప్రశ్నల మీద ఒక మనిషి నాలుగేళ్ళు కూర్చుని పనిచేయాలి. వృత్తి డాక్టరేట్ నిర్వచనం తీసి చూడండి, అక్షరాలా ఈ పనే. కానీ ఆ పని చేయగలిగే మనిషికి ఆ చదువు అందదు, అందిన మనిషికి ఈ ప్రశ్నలు తెలియవు.

ఎందుకందదో కాస్త వివరంగానే చెప్పాలి. మొదటి అడ్డు వయసు. దళిత, ఆదివాసీ పిల్లలు విదేశాల్లో చదువుకోడానికి తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, 20 లక్షల దాకా ఇస్తారు. వయసు 35 దాటకూడదు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కీ 35 ఏళ్ళే. అనుభవం ఉన్నవాళ్ళే రావాలని చదువు అంటుంది, 35 లోపువాళ్ళకే సొమ్మని పథకం అంటుంది. మగవాడికి ఈ రెండూ ఎక్కడో ఒకచోట కలుస్తాయేమో. ఇరవైలో పెళ్ళి, ముప్ఫై దాకా పిల్లలు, ఆ తర్వాత అత్తమామల మంచాలు, అన్నీ అయ్యాక నలభైలో తల ఎత్తే ఆడదానికి అవి కలిసే చోటే లేదు. ఒక విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్న పరిశోధన గురించి కాదు. "ఈ వయసులో పూర్తి చేయగలరా? ఇంట్లో ఒప్పుకున్నారా?" నా ముందు లోపలికి వెళ్ళిన ఆయనకి నాకంటే మూడేళ్ళు ఎక్కువ. ఆయన్ని ఇంట్లో ఒప్పుకున్నారా అని అడగలేదని బయటికొచ్చాక ఆయనే చెప్పాడు.

రెండోది నిచ్చెన. ఏ.ఎన్.ఎం. శిక్షణ డిగ్రీ కాదు. ఆ మెట్టు నుంచి డాక్టరేట్ గడప దాకా రావాలంటే జి.ఎన్.ఎం. మూడేళ్ళు, పోస్ట్ బేసిక్ బి.ఎస్సి. రెండేళ్ళు, ఎం.పి.హెచ్. రెండేళ్ళు. ఏడేళ్ళ చదువు, అదీ సీట్లు దొరికి, సెలవు దొరికితే. ఆశాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2005లో పథకం మొదలైనప్పటి నుంచీ వాళ్ళు 'స్వచ్ఛంద' కార్యకర్తలే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అవును, లీడర్సే. మరుసటి ఏడు తెలంగాణలో అదే లీడర్లు నెలకి 18,000 స్థిర వేతనం కోసం సమ్మె చేసి రోడ్ల మీద కూర్చున్నారు. సన్మానానికి నాయకురాలు, జీతం దగ్గర స్వచ్ఛంద సేవకురాలు, చదువు దగ్గర అనర్హురాలు.

భాష గురించి ఒక్క మాట. ఆడవాళ్ళు చెప్పేది తెలుగులో, ఉర్దూలో, కోయలో, లంబాడీలో. థీసిస్ ఇంగ్లీషులో. పంజాగుట్టలో ఐ.ఇ.ఎల్.టి.ఎస్. కోచింగుకి పోసే డబ్బుతో ఒక బస్తీలో ఏడాదిపాటు ఆరోగ్య శిబిరాలు నడపొచ్చనిపిస్తుంది నాకు. స్థానిక భాషలో పరీక్షలు రాయనివ్వమని 2023 ఏప్రిల్‌లో యు.జి.సి. విశ్వవిద్యాలయాలకి రాసింది. పరీక్ష రాయనిచ్చేవాళ్ళు థీసిస్ ఎందుకు రాయనివ్వకూడదు?

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. ఇది కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు. విశ్వవిద్యాలయాల్ని, సర్కారుని తిట్టడం సులువు. మన స్వచ్ఛంద సంస్థలు ఏం చేస్తున్నాయి? బయటి నుంచి పరిశోధకులు వస్తారు, చాలామంది మంచివాళ్ళే. మన కార్యకర్త వాళ్ళని గల్లీ గల్లీ తిప్పుతుంది, తలుపులు తీయిస్తుంది, ప్రశ్నావళిని వాళ్ళ ఇంగ్లీషు నుంచి జనం మాటల్లోకి మారుస్తుంది, ఏడ్చినామెని ఓదారుస్తుంది. రెండేళ్ళకి పుస్తకం వస్తుంది. 'సహకరించిన క్షేత్ర సిబ్బందికి కృతజ్ఞతలు' అన్న ఒక్క వాక్యంలో మనం ఉంటాం, పేర్లు లేకుండా. నాతో చాలాకాలం పనిచేసిన ఒక ఏ.ఎన్.ఎం. అన్న మాట ఇది: "నేన్ రాసిన లెక్కలతోని సారు డాక్టరయిండు. నేన్ ఇంకా గదే రిజిస్టర్ మోస్తున్న." ఎద్దు పుండు కాకికి ముద్దా అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

యు.జి.సి. 2022 నిబంధనల్లో మనం వాడుకోదగ్గవి కొన్ని ఉన్నాయి, ఉన్నమాట చెప్పాలి. పార్ట్‌టైం పీహెచ్‌డీకి అనుమతి ఉంది. ఆరేళ్ళ గడువు మీద రెండేళ్ళు పొడిగించవచ్చు, స్త్రీలకి ఇంకో రెండేళ్ళు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకి మొత్తం మీద 240 రోజుల సెలవు. వృత్తి డాక్టరేట్ మన దగ్గర నిలదొక్కుకునే దాకా ఈ దారినైనా పట్టుకోవచ్చు. కానీ పార్ట్‌టైం వాళ్ళు పనిచేసే చోటి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి. చదువుకి తగినంత సమయం ఉంటుందని, అవసరమైతే కోర్సు పనికి విడిచిపెడతామని యజమాని రాసివ్వాలి. నేనూ అడిగాను. "నీకిస్తే రేపు అందరూ అడుగుతారు" అన్న జవాబు వచ్చింది. స్త్రీల హక్కుల మీద కరపత్రాలు వేసే చోట వచ్చిన జవాబిది. అందరూ అడిగితే మంచిదే కదా? అందరూ అడగాలనే కదా మనం ఇన్నేళ్ళుగా మీటింగులు పెడుతున్నాం?

ఈ పత్రిక చదివేవాళ్ళలో సంస్థలు నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళని సూటిగా అడుగుతున్నాను. మీ దగ్గర పదేళ్ళు దాటి పనిచేస్తున్న క్షేత్ర కార్యకర్తలు ఎంతమంది? వాళ్ళలో చదువుకి జీతంతో సెలవు ఎంతమందికి ఇచ్చారు? వచ్చే ప్రాజెక్టు బడ్జెట్‌లో బయటి కన్సల్టెంటుకి రాసే మొత్తంలో సగమైనా మీ ఏ.ఎన్.ఎం. పోస్ట్ బేసిక్ బి.ఎస్సి. ఫీజుకి రాయగలరా? మీ సిబ్బంది సేకరించిన సమాచారంతో ఎవరైనా థీసిస్ రాయడానికి వస్తే, రచయితల పేర్లలో సిబ్బంది పేర్లుండాలని, థీసిస్ సారాన్ని ఆ బస్తీలోనే తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించి ఆడవాళ్ళ అభ్యంతరాలు రాసుకోవాలని ఒప్పందం మీద సంతకం అడిగారా? నిధులిచ్చే సంస్థలకి మనం రాసే ప్రతిపాదనల్లో 'సామర్థ్య పెంపు' అన్న పద్దు ఉంటుంది. రెండు రోజుల వర్క్‌షాపు, ఒక సంచి, ఒక పెన్ను, భోజనం. దాని కింద ఒక మనిషి నాలుగేళ్ళ చదువు ఎందుకు రాయకూడదు?

విశ్వవిద్యాలయాల్ని అడగాల్సింది వేరేగా ఉంది. ప్రజారోగ్య విద్యకి ఈ నగరంలో కొరతేమీ లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది, 2008 నుంచి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వీళ్ళలో ఎవరైనా వృత్తి డాక్టరేట్ పెట్టే ఆలోచన చేస్తే, క్షేత్రంలో చేసిన ఏళ్ళని అనుభవంగా లెక్కించాలని, వయసు మీద స్కాలర్‌షిప్ ఆపకూడదని, పరీక్షించే సంఘంలో కనీసం ఒక కుర్చీ ఏ.ఎన్.ఎం.కో ఆశాకో ఇవ్వాలని పాఠ్యప్రణాళిక రాయకముందే మనం వెళ్ళి చెప్పాలి. రాసేశాక వెళితే సలహాల పెట్టె చూపిస్తారు.

నా పత్రం కోసం మూడోసారి అర్జీ పెట్టాను. ఈసారి నా ఒక్కదాని పేరు మీద కాదు, మాతో పనిచేసే పదకొండు మంది సంతకాలతో పెట్టాం. వాళ్ళలో నలుగురు జి.ఎన్.ఎం. సీటుకి సెలవు అడుగుతున్నారు.